మావయ్యకు పంపిన పుస్తకాలు

రాజమహేంద్రవరం,
9 జూన్ 2025

మావయ్యకి దేవిశ్రీ నమస్కారాలు.

నేను బాగున్నాను. మొన్న నీ దగ్గరికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు "ఫోన్లు మానేసి ఉత్తరాలు రాయవే. చదవడం నేర్పి వదిలేత్తే అచ్చరాలు తుప్పట్టిపోవా?" అన్నావు కదా, అందుకే ఇది. భీమవరం నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే తల్చుకున్నాను. కరోనాకి కాలేజీ మూసేసినప్పుడు, రొయ్యల చెరువు గట్టు మీద నీ మకాంలో కూర్చుని, మేత బస్తాల మీది అక్షరాలు చూపించి నీకు చదవడం నేర్పాను. అప్పుడు నీకు నలభై ఎనిమిదేళ్ళు. మన ఇళ్ళల్లో నాకు ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. నా తరవాత మాత్రం నువ్వున్నావు.

ఇక్కడ లైబ్రరీ సైన్సు క్లాసులు మధ్యాహ్నానికి అయిపోతాయి. ఆ తరవాత ఒక చిన్న లైబ్రరీలో పని. ఈ మధ్య ఒక రిటైర్డు ఇంజనీరు గారు పోతే, వాళ్ళ పిల్లలు మూడు పెట్టెల పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో చేసేవారట. ఒక పెట్టె నిండా థ్రిల్లర్లు. మిగతా రెండు విప్పి చూస్తే రాక్ సంగీతం వాళ్ళ ఆత్మకథలు! కాలవలకి నీళ్ళు వదులుకుంటూ కూర్చున్న మనిషి ఇంటికెళ్ళి ఇవి చదివేవారా అని ఆశ్చర్యపోయాను.

రాక్ అంటే విదేశాల్లో పుట్టిన సంగీతం. గిటార్లకి కరెంటు పెట్టి, ఇల్లంత స్పీకర్లతో వాయిస్తారు. తీర్థంలో పది డప్పులు ఒకేసారి మోగితే గుండె అదురుతుంది చూడు, దానికి పది రెట్లు. నేనిప్పుడు ఒక పాటగత్తె కథ చదువుతున్నాను. చర్చిలో పాడే పిల్ల పదిహేనేళ్ళకి ఇంట్లోంచి పారిపోయి వ్యానులో ఊళ్ళు తిరిగింది. రాత చాలా సూటిగా ఉంది.

నీకు మాత్రం తెలుగు థ్రిల్లరు పంపుతున్నాను. కొండ మీద బంగళా, అందులో ఐదుగురు, ఒక్కొక్కరూ చనిపోతూ ఉంటారు. నువ్వు కాపలా కాసే చెరువుల యజమాని అమ్మిరాజు గారి మేత కొట్టు అడ్రసుకి పోస్టు చేశాను. చదివి ఎలా ఉందో రాయి. అక్షరం పెద్దదే, కళ్ళకి శ్రమ ఉండదు.

నీ మేనకోడలు,
దేవిశ్రీ


చెరువు గట్టు, భీమవరం దగ్గర
17 జూన్ 2025

చిరంజీవి దేవిశ్రీకి గంగయ్య మావయ్య దీవెనలు.

పుస్తకం అందింది. ఆరు రోజుల్లో చదివాను. మొదటి రోజు నాలుగు పేజీలు, ఆఖరి రోజు యాభై. అన్నం కూడా చల్లారిపోయింది.

ఒక్క సంగతి రాయి. అందరినీ చంపిన ఆ డాక్టరుని పోలీసులు తీసుకుపోయినట్టు ఆఖర్న ఉంది గానీ శిక్ష పడినట్టు లేదు. బయటికి వచ్చేశాడా? ఆ కొండ ఏ జిల్లాలో ఉంది? పుస్తకంలో రాయలేదు. ఇంత ఘోరం జరిగితే మనకి తెలియకపోవడం ఏంటి?

అందులో ఒకటి నన్ను పట్టుకుంది. ముసలాయన గదిలో కూర్చుంటాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. తలుపు గడియ వేసుకుంటాడు. బతికిపోతాడు. అది చదివి పుస్తకం మూసేసి మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. పట్టపగలు. గట్టు మీద కొంగలు తప్ప ఎవరూ లేరు.

మంచం తిప్పేశాను. ఇప్పుడు వీపు గోడకి ఉంటుంది, మొహం చెరువుకి. కుక్కని మంచం కోడికి కట్టేశాను. మీ బుల్లెమ్మ అత్తకి చెప్పకు, నవ్వుద్ది.

పని మామూలే. మూడు చెరువులు, పన్నెండు ఏరేటర్లు. రొయ్య నెల పిల్ల. కరెంటు పోతే చక్రాలు ఆగిపోతాయి, నీళ్ళలో గాలి అయిపోతుంది, అరగంటలో జనరేటరు వెయ్యకపోతే రొయ్య చచ్చి తేలిపోతుంది. నీకు తెలిసిందే. ఇంకో పుస్తకం పంపు.

మీ మావయ్య,
గంగయ్య


రాజమహేంద్రవరం,
24 జూన్ 2025

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి లైబ్రరీలో గట్టిగా నవ్వేశాను, అందరూ తల తిప్పి చూశారు. థ్రిల్లరు కల్పించి రాసేది మావయ్యా. ఆ కొండా లేదు, డాక్టరూ లేడు. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. ఆత్మకథ మాత్రం నిజం. ఎవరి బతుకు వాళ్ళు రాసుకుంటారు.

అయినా పగలు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసేంత భయం ఏంటి? పదేళ్ళప్పుడే సముద్రం మీదకి వెళ్ళినవాడివి. తుపాను మర్నాడు శవాన్ని వల్లోంచి తీసినప్పుడు కూడా చెయ్యి వణకలేదని అమ్మ చెబుతూ ఉంటుంది. మంచం మళ్ళీ మామూలుగా వేసుకో, కుక్కని వదిలెయ్యి పాపం.

అమ్మ అంటోంది, నువ్వు ఫోను ఎత్తడం లేదట. పాడైందా? ఆ బటన్ల ఫోనులో తెలుగు మెసేజీ పెడితే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందన్నావు, లేకపోతే అదైనా పెట్టేదాన్ని.

పాటగత్తె కథ అయిపోయింది. ఇప్పుడు ఒక డ్రమ్ములాయన కథ. మొదటిసారి వేదిక ఎక్కే ముందు భయంతో వెనకవైపు కిటికీలోంచి దూకి పారిపోయాడట! అంత గొప్పవాళ్ళు ఇలాంటివి దాచకుండా రాయడం నాకు నచ్చుతోంది. నేను కాలేజీలో మొదటి రోజు ఇంగ్లీషు రాక బాత్రూములో దాక్కున్న సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

ఇంకో నవల పంపుతున్నాను. లైటుహౌసులో జరుగుతుంది. అదీ కల్పనే, గుర్తుంచుకో.

దేవిశ్రీ


చెరువు గట్టు
3 జూలై 2025

చిరంజీవి దేవిశ్రీకి.

కల్పన అని రాశావు. సరే. కానీ నాకు తిరగబడి కనిపిస్తోంది. చంపేవాళ్ళు లోకంలో ఉన్నారు, అది నిజమే. సొంత పిరికితనం పుస్తకంలో అచ్చు వేయించుకుంటారా ఎవరైనా? ఆ కిటికీ దూకినాయన కథే కట్టుకథ అయి ఉంటుంది.

లైటుహౌసు పుస్తకం సగం చదివి ఆపేశాను. అందులోనూ అంతే. తాళం తిరిగిన చప్పుడు విన్నాడు, పడవ గట్టుకి తగిలిన చప్పుడు విన్నాడు. అందరూ వింటూనే ఉంటారు. మెట్లూ తలుపులూ లేని చోట ఉండేవాడు ఏం చేస్తాడు? ఒక్కళ్ళూ అది రాయరు.

మొన్న తప్పు జరిగింది. మధ్యాహ్నం మేత చల్లి వచ్చి, గట్టు మీద వంగి వల కుట్టుకుంటున్నాను. భుజం మీద చెయ్యి పడింది. కర్ర తీసి తిరిగాను. అమ్మిరాజు గారు. కర్ర ఆయన తలకి జానెడు దూరంలో ఆగింది. ఆయన మొహంలో నెత్తురు లేదు. ఎదురుగా నిలబడి అరిచారు. "ఏంట్రా గంగయ్యా, సంపేత్తావా ఏంటి? గట్టు ఆ చివర్నుంచి పిలుత్తున్నాను, పలకవేంటి?"

"పుస్తకం ఆలోచనలో ఉన్నానండి. హంతకుడనుకున్నానండి" అన్నాను.

"నీకు పుస్తకాలేంట్రా!" అని నవ్వేశారు. కొట్లో అందరికీ చెప్పి నవ్వించారు. పోనీలే, నవ్వుకోనీ. నవ్వితే మంచిదే.

ఫోను చార్జరు కాలిపోయింది. అమ్మకి చెప్పు. నువ్వు కూడా ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి.

మావయ్య


రాజమహేంద్రవరం,
11 జూలై 2025

మావయ్యా,

నీ ఉత్తరం చదివి భయమేసింది. ఆ కర్ర ఆగకపోయి ఉంటే? ఆ పుస్తకాలు పంపింది నేను. చదవడం నేర్పాను గానీ, చదివినదాన్ని మనసులోంచి దించుకోవడం నేర్పలేదు. నాకు చిన్నప్పట్నుంచి అలవాటైంది కాబట్టి తెలియలేదు. ఇక థ్రిల్లర్లు వద్దు. లైటుహౌసు పుస్తకం తిరిగి పంపెయ్యి.

దానికి బదులు వేరేది పంపుతున్నాను. మూడో ఆత్మకథ. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఒక అధ్యాయం నేనే తెలుగులో రాశాను. నలభై పేజీల లాంగ్ నోట్‌బుక్కు, నాలుగు రోజులు పట్టింది. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాను, మేడమ్ నోట్సు అనుకున్నారు.

ఆయన బాస్ గిటారు వాయించేవాడు. నాలుగు తీగలు, లావు గొంతు. ఇరవై ఏళ్ళు ఆ స్పీకర్ల ముందు నిలబడేసరికి చెవులు పోయాయి. ఆరేళ్ళు తోటివాళ్ళకి చెప్పలేదు. చెబితే బయటికి పంపేస్తారని భయం. ఎవరైనా పిలిస్తే ఆలోచనలో ఉన్నట్టు నటించేవాడు. ఫోను ఎత్తేవాడు కాదు. వేదిక మీద బూట్లు విప్పేసి, చెక్కల మీద ఉత్త పాదాలతో నిలబడేవాడు. డ్రమ్ము దెబ్బ చెక్కలోంచి కాలికి తెలిసేది. దాన్ని బట్టి వాయించేవాడు. ఆరేళ్ళు ఒక్క తప్పు రాలేదట. ఎంత తెలివి చూడు! నాకు ఆ పేజీలు రాస్తుంటే ఒళ్ళు పులకరించింది. నువ్వు చదివి ధైర్యం తెచ్చుకోవాలని పంపుతున్నాను.

దేవిశ్రీ


చెరువు గట్టు
22 జూలై 2025

అమ్మా దేవిశ్రీ,

ముందు ఇది చెప్పు. ఈ మనిషి నిజంగా ఉన్నాడా? నా మీద ఒట్టేసి చెప్పు. నీ నోటుబుక్కు నాలుగుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే అక్షరాలు కనపడలేదు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు. మీ అమ్మకి చదువు రాకపోవడం ఇవాళ మంచిదైంది.

నాకు చెవులు పోయాయమ్మా. ఎడమది పోయి రెండేళ్ళు. కుడిది కిందటేడు నుంచి. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే తెలుస్తుంది. వెనకనుంచి అయితే లోకం లేదు. పదిహేనేళ్ళు డీజిలు ఇంజన్ల పక్కన పడుకున్నాను, దానివల్లేనేమో. నేను ఉత్తరాలు రాయమన్నది అక్షరాల కోసం కాదు. ఫోనులో నీ గొంతు రాదు.

హంతకుడికి భయపడ్డాననుకున్నావు. కాపలావాడికి హంతకుడితో ఏం పని? చెరువు మీద పడుకునేవాడికి చప్పుడు అక్కర్లేదు, చప్పుడు ఆగడమే కావాలి. ఏరేటర్ల హోరులో హాయిగా నిద్రపోతాం. అది ఆగిందంటే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాం. ఇప్పుడు నాకు ఎప్పుడూ ఆగిపోయే ఉంది. జూన్‌లో ఒక మధ్యాహ్నం కునుకు పట్టింది. లేచి చూస్తే చక్రాలు కదలడం లేదు, నీళ్ళ మీద నురగ లేదు. ఎంతసేపైందో తెలియదు. పరిగెత్తి జనరేటరు వేశాను. ఐదు నిమిషాలు ఆలస్యమైతే రొయ్యంతా తేలేది. ఆ రోజు నుంచి కూర్చుని చక్రాలనే చూస్తున్నాను. కన్ను మూస్తే భయం, తెరిస్తే మంట.

నీ గిటారు మనిషి దారి చూపించాడు. ఏరేటరు కొట్టుకుపోకుండా కట్టే తీగ ఉంటుంది కదా, ఇనప తీగ. అలాంటిది ఇంకొకటి తీసుకుని ఏరేటరు చట్రానికి బిగించి, గట్టు మీదకి లాగి, పడుకున్నప్పుడు ఆ కొస నా కాలి చీలమండకి చుట్టుకుంటున్నాను. చక్రం తిరుగుతున్నంతసేపూ కాలికి జుమ్మని తెలుస్తుంది. ఆగితే మెలకువ వస్తుంది. రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ లేచాను. వారం నుంచీ కంటినిండా నిద్ర. మొదటి రోజు కంటే నిన్న ఇంకా గట్టిగా తెలిసింది. వానకి తీగ బిగిసినట్టుంది.

అత్తకి, అమ్మకి, ముఖ్యంగా అమ్మిరాజు గారికి తెలియకూడదు. చెవిటోణ్ణి ఎవరూ కాపలా పెట్టుకోరు. ఈ వయసులో మళ్ళీ పడవెక్కలేను. నీ మీద నమ్మకంతో రాశాను.

మావయ్య


రాజమహేంద్రవరం,
26 జూలై 2025, మధ్యాహ్నం

మావయ్యా,

తీగ విప్పెయ్యి. ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి, వెళ్ళి తీగ విప్పేసి వచ్చి మిగతాది చదువు.

ఆయన నిలబడింది చెక్క మీద. నువ్వు కట్టుకున్నది ఇనప తీగ. ఆ కొసన కరెంటు మోటారు ఉంది, అది నీళ్ళలో ఉంది. మోటారులో ఎక్కడ తేడా వచ్చినా ఆ తీగలోంచి నేరుగా నీ కాలికి వస్తుంది. నిన్న ఇంకా గట్టిగా తెలిసిందని రాశావు. అది బిగువు కాకపోవచ్చు. కరెంటే కావచ్చు.

నువ్వు 22న రాసినది నాకు ఇవాళ అందింది. నాలుగు రోజులు. ఈ నాలుగు రోజులూ నువ్వు ఆ తీగతోనే పడుకున్నావు. ఇది స్పీడు పోస్టులో వేసినా రేపు ఆదివారం, నీకు చేరేది సోమవారమో మంగళవారమో. ఫోను పదిహేనుసార్లు చేశాను. చార్జరు కాలిపోయిందన్నావు గానీ మోగుతూనే ఉంది. నీకు వినపడదని తెలిసీ చేశాను.

జూన్‌లో వచ్చినప్పుడు నేను మాట్లాడుతుంటే నా మొహంలోకే చూస్తూ కూర్చున్నావు. నా మీద ముద్దు అనుకుని మురిసిపోయాను. నువ్వు నా పెదాలు చూస్తున్నావు. ఇన్ని పుస్తకాలు చదివి ఎదురుగా ఉన్న మనిషిని చదవలేకపోయాను.

దేవిశ్రీ

అదే రోజు, మూడున్నర.

కవరు ఇంకా అంటించలేదు. అందుకే ఇది కూడా రాస్తున్నాను.

ఎవరినైనా అడుగుదామంటే ఎవరూ లేరు. మన ఇంట్లో ఆసుపత్రి కాగితమైనా, ఆఫీసు కాగితమైనా నా చేతికే ఇస్తారు, "నువ్వు చెప్పు" అంటారు. ఇవాళ నాకు చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు బస్సెక్కినా నీ దగ్గరికి చేరేసరికి నువ్వు పడుకునే వేళ అవుతుంది. మబ్బు పట్టింది. వాన వస్తే బస్సులు ఏమవుతాయో తెలియదు.

మేత కొట్టుకి ఫోను చేశాను. అమ్మిరాజు గారే ఎత్తారు. తీగ సంగతి మాత్రమే చెప్పాను. "ఎందుకు కట్టాడమ్మా?" అని అడిగారు. ఏదో ఒకటి కల్పించి చెప్పి ఉండాల్సింది.  ఉన్నది చెప్పాను.

నీ మాట తప్పాను మావయ్యా. నువ్వు బతికి నన్ను తిట్టు.


రాజమహేంద్రవరం,
4 ఆగస్టు 2025

మావయ్యకి నమస్కారాలు.

నిన్న పేటకి, మీ ఇంటికి వచ్చాను. నేను వీధి మలుపు తిరిగేసరికి నువ్వు పెరటివైపునుంచి సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయావని అత్త చెప్పింది. నరసాపురం బస్సు వేళ దాటిపోయేదాకా అరుగు మీద కూర్చున్నాను. అత్త రొయ్యలు వండింది, ఇద్దరమూ తినలేదు.

"ఏటి చేశావే మీ మావయ్యని? మూడు మాటలు అడిగితే ఒకదానికి పలుకుతున్నాడు" అంది అత్త. అత్తకి ఇంకా తెలియదని అప్పుడు అర్థమైంది. ఈసారి నేను నోరు విప్పలేదు.

అమ్మిరాజు గారు ఆ శనివారమే ఫోను చేసి చెప్పారు. ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్ళి తీగ తీయించారట. టెస్టరు పెడితే వెలగలేదట. "అనవసరంగా కంగారు పడ్డావమ్మా. కరెంటూ లేదు, గిరెంటూ లేదు. కానీ మంచి పనే చేశావు. చెవిటోణ్ణి కాపలా పెట్టుకుని ఓ రోజు నిండా మునిగిపోయేవాణ్ణి" అన్నారు. ఆ రెండో మాటకి నేను "సరేనండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

టెస్టరు వెలగలేదన్న మాట నన్ను వదలడం లేదు. అంటే తీగ మంచిదే, నీ తెలివీ మంచిదే. భయపడి నీ పని పోగొట్టింది నేను. కోపం ఎన్నాళ్ళున్నా సరే, ఒక్క కార్డు ముక్క రాయి. తిట్టయినా రాయి.

దేవిశ్రీ


రాజమహేంద్రవరం,
2 సెప్టెంబరు 2025

మావయ్యకి నమస్కారాలు.

నీ మాట తప్పాక ఇది నీకు రాసిన ఐదో ఉత్తరం. జవాబు లేదు. నీ కోపం నాకు అర్థమైంది. అయినా రాస్తూనే ఉంటాను.

గిటారాయన ఆత్మకథ మిగతా సగం నెల రోజులు ముట్టుకోలేదు. మొన్న తీశాను. ఆరేళ్ళ తరవాత ఆయన సంగతి తోటివాళ్ళకి ఎలా తెలిసిందో నీకు పంపిన అధ్యాయంలో లేదు. చెల్లెలు చెప్పేసింది. ఆయన ఆమెతో పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను.

ఇంజనీరు గారి పెట్టెలోంచి ఒక థ్రిల్లరు తెచ్చుకున్నాను. హాస్టల్లో కూర్చుని పేజీలు తిప్పుతున్నాను. చివర్లో ఎవరో ఒకరు దొరికిపోతారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఒకప్పుడు నాకూ అలాగే ఉండేది. ఇప్పుడు ఫోను మోగితే చాలు, పేట నుంచేమోనని పుస్తకం పడేసి పరిగెత్తుతున్నాను. అత్త చెప్పింది, నువ్వు ఇంట్లో స్విచ్చి కూడా ముట్టుకోవట, దీపం ఆమెనే వెయ్యమంటావట. ఎందుకు మావయ్యా?

దేవిశ్రీ


పేట
21 సెప్టెంబరు 2025

చిరంజీవి దేవిశ్రీకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరాలు ఐదూ అందాయి. అన్నీ చదివాను. నాకు కోపమని నీకు తోచింది. నేను రాయనిది కోపంతో కాదు. భయంతో రాయలేదు.

ఆ శనివారం సంగతి నీకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే చూసినవాడు లేడు. మధ్యాహ్నం నడుం వాల్చాను, తీగ కాలికి ఉంది. సన్నగా వాన పడుతోంది. ఉన్నట్టుండి కాలు నాది కాకుండా పోయింది. మంచం మీదనుంచి కింద పడ్డాను. పడడంలో తీగ ఊడింది. ఊడింది కాబట్టి ఉన్నాను. పావుగంట కాలు లేవలేదు, నోరు పెగల్లేదు. తరవాత లేచి కూర్చుని ఏం చేశానో తెలుసా? పొరపాటున నరం పట్టేసిందని నాకు నేనే చెప్పుకుని, మళ్ళీ కట్టుకోవాలని తీగ చేతిలోకి తీసుకోబోయాను. నిద్ర మీద అంత ఆశ. అప్పుడే గట్టు మీద అమ్మిరాజు గారి బండి కనిపించింది.

ఎలక్ట్రీషియను ముందు మెయిన్ స్విచ్చి ఆపాడు. తీగ విప్పాడు. చుట్టి గట్టు మీద పడేశాడు. అప్పుడు దానికి టెస్టరు పెట్టాడు. ఇంకేం వెలుగుతుంది? నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. కాలు సంగతి చెబితే నా చేతకానితనం బయటపడుతుంది, నువ్వు చెప్పింది నిజమవుతుంది. ఉద్యోగం ఎలాగూ పోయింది, పరువైనా మిగలాలనుకున్నాను. అప్పట్నుంచి స్విచ్చి ముట్టుకోలేదు.

నా స్థానంలో మన పేట అచ్చిబాబుని పెట్టారు. ఇద్దరు బిడ్డల తండ్రి. ఏరేటర్ల దగ్గర నాచు తియ్యడానికి రోజూ నడుం లోతు నీళ్ళలో దిగుతాడు. దిగేముందు మెయిన్ ఆపుతారు, కాబట్టి ఏమీ కాదనుకున్నాను. యాభై నాలుగు రోజులు అలాగే అనుకుంటూ గడిపాను. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా ఇది రాయాలని కాగితం తీసి, మళ్ళీ పెట్టేసేవాణ్ణి.

మొన్న గురువారం అచ్చిబాబు మెయిన్ ఆపడం మర్చిపోయి దిగాడు. చట్రం మీద చెయ్యి వేశాడు. పక్క చెరువువాళ్ళు చూసి కరెంటు ఆపి లాగారు. బతికాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కమిలిపోయింది. డాక్టర్లు రెండు వేళ్ళు ఉంటాయో లేదో చెప్పలేమన్నారు. మోటారు విప్పితే కరెంటు వైరు మీద తొక్క చీలి ఉంది, మోటారు డబ్బా నిండా నీళ్ళు. నేను తీగ కట్టిన చట్రమే, అదే మోటారు.

నిన్న భీమవరం వెళ్ళాను. ముందు మేత కొట్టుకి. అమ్మిరాజు గారి ఎదురుగా నిలబడి కాలు సంగతి మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. మిగతా పదకొండు మోటార్లూ విప్పిస్తానన్నారు. విప్పించేదాకా ఇక్కడే కూర్చుంటానండి అన్నాను. సాయంత్రానికి విప్పించారు. ఇంకొకటి కూడా అలాగే ఉంది.

తరవాత ఆసుపత్రికి వెళ్ళాను, మీ అత్త కూడా అక్కడికే వచ్చింది. అచ్చిబాబు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన నిలబడి అదంతా వాడికీ చెప్పాను. నాకు ముందే తెలుసురా, నోరు మూసుకున్నానురా అన్నాను. వాడు గోడవైపే ఏదో అన్నాడు. పెదాలు కనపడలేదు. తిట్టాడో, పోనీలే అన్నాడో తెలియలేదు. వాడు అన్నది వినకుండా వెనక్కి రాకూడదనిపించింది.

"ఇటు తిరిగి గట్టిగా చెప్పరా, నాకు చెవులు వినపడవు" అన్నాను. పుట్టాక ఆ మాట నోటితో అనడం అదే మొదలు. మీ అత్త పక్కనే ఉంది.

వాడు తిరిగాడు. మొహం నిండా నీళ్ళు. ఎంత గట్టిగా అరిచాడంటే వార్డంతా లేచి కూర్చుంది.

"ముందే చెప్పుంటే నా చెయ్యి ఉండేది కదా మావా!"

నాకు వినపడింది.

మీ మావయ్య,
గంగయ్య